మొదటి నొక్కు

ఆగస్టు 4, సోమవారం

నాలుగు వారాల సెలవు అయిపోయింది. జులై అంతా ఫ్యాక్టరీకి తాళం వేసి సరస్సుల్లో మునిగిన జనం ఇవాళ ఒళ్ళంతా ఎండ పూసుకుని తిరిగొచ్చారు. పొద్దున కాఫీ బల్ల దగ్గర ఎవరి చెయ్యి ఎంత కమిలిందో పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. నేను చెయ్యి చాపలేదు. నా సెలవంతా వానే కురిసింది, కురవని రోజున నేను నిద్రపోయాను. మా మేనేజరు స్టాఫన్ తన పడవ కథ ఎత్తుకున్నాడు. పోయినేడు దానికి రంగు వేశాడట, ఈ ఏడు ఆ రంగు గీకాడట. ఇంత సాహసం విన్నాక నాకు రెండో కప్పు కాఫీ అవసరమైంది.

అమ్మకాల విభాగంలో కొత్తగా చేరిన పెద్దమనిషి నా టెస్టింగు గదికి వచ్చి, బటన్‌లో పరీక్షించడానికి ఏముంది, నొక్కితే పనిచేస్తుంది కదా అన్నాడు. ఇన్నేళ్ళుగా ఈ గదిలో నేను చూస్తున్నది సరిగ్గా అదేనని చెప్పాను. చాలక ఒక కీప్యాడ్ విప్పి చూపించాను. పైన ఒక పల్చటి ప్లాస్టిక్ పొర, కింద ఇంకో పొర, మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ. రెండు పొరల మీదా వెండి సిరాతో అచ్చువేసిన చుక్కలు, వాటి మీద నల్లటి కార్బన్ పూత. వేలు పైపొరని వంచితే చుక్కకి చుక్క తగులుతుంది, కరెంటు దాటుతుంది. దాటేటప్పుడు కొంత అడ్డుపడుతుంది. ఆ అడ్డునే నిరోధం అంటాం, ఓముల్లో కొలుస్తాం. కొత్త బటన్‌కి కాస్త ఎక్కువ ఉంటుంది. నొక్కేకొద్దీ చుక్కలు ఒకదానికొకటి అలవాటుపడి తగ్గుతుంది, చాలాకాలం అలాగే ఉంటుంది, పూత అరిగాక మెల్లిగా పెరుగుతుంది. అచ్చం పెళ్ళిలాగా అన్నమాట, అన్నాడాయన. ఇలాంటి పోలికలు ఎవరైనా తెస్తారనే నేను ఈ గది తలుపు మూసి ఉంచుతాను.

సెలవు తర్వాత యంత్రాన్ని మళ్ళీ నడిపించాను. దాని రబ్బరు వేలు, సగం అరిగిన కీప్యాడ్‌ల మీద మొదటి నొక్కులు నొక్కినప్పుడు నిరోధం ఆకాశాన్నంటింది. కొన్నిటిలో అసలు కరెంటే దాటలేదు. కాసేపటికి అన్నీ బుద్ధిగా దారికొచ్చాయి. ప్రతి ఆగస్టులోనూ ఇంతే. మొదటి నొక్కులు సన్నాహం కింద లెక్క, వాటిని కొట్టేసి తర్వాతివే రాయాలన్నది మా నియమం. కొట్టేశాను.

సాయంత్రం మా అక్క హెడ్విగ్ ఫోన్ చేసింది. తన చక్రాల కుర్చీ చేతికి బిగించిన సహాయం బటన్‌కి బద్ధకం పట్టుకుందట. అది మా కంపెనీ బటన్. బద్ధకం మనుషులకి పడుతుంది గానీ బటన్లకి కాదని చెప్పి పెట్టేశాను.

ఆగస్టు 9, శనివారం

హెడ్విగ్ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఫ్లాట్ చర్చికి సరిగ్గా ఎదురుగా ఉంది. కండరాల జబ్బు వచ్చేదాకా ఆ చర్చిలో ఆర్గన్ వాయించింది. ఇప్పుడు కొత్త ఆర్గనిస్టు సాధన చేస్తుంటే కిటికీ తెరిపించుకుని మరీ తప్పులు పడుతుంది. ఆ మనిషికి పాదాల మీటలు ఇప్పటికీ అంతుపట్టలేదట. ఆ ఆనందంతోనే మా అక్క బతుకుతోందని నా అనుమానం.

బటన్ సంగతి తీసింది. ఎర్రటిది నొక్కితే కింద అంతస్తులో కమ్యూన్, అంటే మా మునిసిపాలిటీ, పెట్టిన సహాయకుల ఫోన్ మోగాలి, ఎవరో ఒకరు పైకి రావాలి. జులై నుంచీ నొక్కినా రావడం లేదట.

“నడిమధ్య నొక్కు. అంచు మీద నొక్కితే పొర సరిగ్గా వంగదు,” అన్నాను.

“రెండు చేతులతోనూ రెండు కాళ్ళతోనూ మీటలు నొక్కి, ఈ ఊరి పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ దాటించినదాన్ని. నువ్వొచ్చి నాకు నొక్కడం నేర్పుతున్నావా, నిల్లా?”

నేనే నొక్కి చూశాను. మొదటిసారి పట్టలేదు, రెండోసారికి దీపం వెలిగింది. మాట్లాడుతూ నొక్కాను కాబట్టి మొదటిది లెక్కలోకి రాదు. కింద నుంచి, సెలవులో ఉన్నవాళ్ళ బదులు పనికి వచ్చిన ఒకామె పరుగున వచ్చి ఏం కావాలంది. ఊరికే అన్నాను. ఊరికే అని రాసుకుని వెళ్ళింది.

జులై అంతా ఇలా ఉంటే నాకెందుకు చెప్పలేదని అడిగాను. జులైలో ఎవరినైనా ఇబ్బంది పెడతామా అంది. ఎవరూ రాకపోతే సెలవుల్లో ఉన్నారనుకుందట. దేశమంతా మూసేసి ఉన్నప్పుడు తన ఒక్క బటన్ పనిచేయాలని కోరుకోవడం అత్యాశ అనుకుందట. ఈ మర్యాదతోనే మేము సర్వనాశనం అయిపోతాం.

కాఫీ స్ట్రాతో తాగుతోంది. ఆసుపత్రిలో అంటించుకున్న నాజూకు. దాల్చినచెక్క బన్ను నేను ముక్కలు చేసి పెట్టాను, అడక్కపోయినా.

ఆగస్టు 10, ఆదివారం

నొక్కడం సరిగ్గా రాదు ఆవిడకి. అంతే.

ఆగస్టు 21, గురువారం

కమ్యూన్ నుంచి హెడ్విగ్‌కి కబురు వచ్చింది. ఈ వేసవిలో ఆవిడ బటన్ నొక్కి పిలిచింది మరీ అరుదు గనక, పిలిస్తే వచ్చే సహాయం ఆవిడకి ఇక అవసరం లేదేమోనని తోచిందట. అక్టోబరులో అధికారిణి ఇంటికొచ్చి చూసి తేలుస్తుందట. అది తీసేస్తే మిగిలేది పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వచ్చి పోయే మనుషులు. మధ్యలో దాహమేసినా, కుర్చీలోంచి జారినా దేవుడే దిక్కు. ఆ దేవుడు ఎదురుగానే ఉన్నాడు గానీ రోడ్డు దాటి వచ్చే అలవాటు లేదు. అలా ఇంట్లో గడవదు కాబట్టి పక్క పట్నంలో సంరక్షణ గృహం ఉండనే ఉంది. అక్కడి గదుల కిటికీలు కార్లు నిలిపే స్థలం వైపు తెరుచుకుంటాయి. హెడ్విగ్ ఈ సంగతులన్నీ వాతావరణ వార్తలు చదివినట్టు చదివి వినిపించింది.

అధికారిణికి నేనే ఫోన్ చేశాను. పేరు అన్నెలీ. గొంతులో వెన్న. మా అక్క నొక్కుతూనే ఉంది, ఎవరూ రాలేదు అన్నాను. నొక్కితే మాకు తెలుస్తుంది కదా అంది. సరిగ్గా నొక్కడం లేదేమో, ఒకసారి చూపించండి అని కూడా అంది.

ఒళ్ళు మండిపోయింది. ఎవరో తెలియని మనిషి, మా అక్కకి నొక్కడం రాదంటుందా? అదే మాట పదిరోజుల కిందట ఎవరన్నారో గుర్తొచ్చి, ఇంకా మండింది.

ఆగస్టు 25, సోమవారం

శుక్రవారం హెడ్విగ్ బటన్ విప్పి తెచ్చాను. దాని స్థానంలో గోదాములోంచి కొత్తది బిగించాను. పాతది శని, ఆదివారాలు నా బల్ల మీద పడి ఉంది. ఇవాళ పొద్దున కోటు విప్పకుండానే మీటరు తగిలించి యంత్రం వేలి కింద పెట్టాను. మొదటి నొక్కుకి ఏమీ దాటలేదు. రెండో నొక్కుకి నిక్షేపంగా దాటింది. మూడోది, నాలుగోది, ఆ తర్వాతివన్నీ బుద్ధిమంతులే.

విప్పి మైక్రోస్కోపు కింద చూశాను. కార్బన్ పూత అరిగిన చోట వెండి బయటపడింది, బయటపడ్డ వెండి నల్లబడింది. మా అమ్మమ్మ క్రిస్మస్‌కి మాత్రమే బయటికి తీసే చెంచాలు ఏటా ఇలాగే ఉండేవి. రోజంతా నొక్కుతూ ఉంటే ఆ నలుపు ఎప్పటికప్పుడు రాసుకుపోతుంది. వదిలేస్తే పేరుకుంటుంది, మొదటి నొక్కు దాన్ని చీల్చడానికే సరిపోతుంది. అంటే అరిగిపోయి, ఆపైన ఖాళీగా కూర్చున్న బటనే అన్నిటికంటే ప్రమాదం. మా యంత్రం ఏడాది పొడుగునా ఆగకుండా నొక్కుతుంది కాబట్టి ఈ రోగం దానికి కనపడదు. కనపడే అవకాశం ఒక్కటే, జులై సెలవు తర్వాత. ఆ నొక్కుల్నే మేము ప్రతి ఏడూ శ్రద్ధగా కొట్టేస్తాం.

ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళు మళ్ళీ నొక్కుతారు. మళ్ళీ నొక్కినట్టు కూడా వాళ్ళకి గుర్తుండదు. హెడ్విగ్‌కి చెయ్యి ఎత్తి బటన్ మీదకి తేవడమే పెద్ద పని. అది ఒకసారి వృథా అయితే ఇంకోసారి ఎత్తదు.

ఈ నియమం ఎవరు పెట్టారని స్టాఫన్‌ని అడిగాను. అందరం కలిసి అనుకున్నాం కదా అన్నాడు. అందరినీ అడిగాను. ఎవరూ పెట్టలేదు. ఎప్పుడో కాఫీ దగ్గర, మొదటి అంకెలు పట్టికని పాడుచేస్తున్నాయని ఎవరో అన్నారట, ఎవరూ కాదనలేదట. ఇక్కడ ఎవరూ కాదనకపోతే అది శాసనం. అలాంటి దాన్ని మార్చడం మహా కష్టం, వెళ్ళి పోట్లాడటానికి మనిషి దొరకడు.

అయినా నా సంతోషానికి హద్దులేదు. మా బటన్ చెడ్డది! నా చేతుల మీదుగా పాసైన బటన్ పనికిమాలినది! క్వాలిటీ ఇంజనీరు ఎవరైనా ఇంత సంబరపడి ఉంటారా? తలుపు వేసుకుని కాసేపు గెంతాను కూడా. హెడ్విగ్ వేలికి ఏమీ కాలేదు. వెంటనే ఫోన్ చేసి చెప్పాను. “అలాగా? మంచిది,” అంది. అంతకంటే ఎక్కువ పొంగిపోతుందనుకున్నాను.

సెప్టెంబరు 1, సోమవారం

కొత్త బటన్ కూడా పలకడం లేదట. కొత్తవి కాస్త బిగుసుకుని ఉంటాయి, చుక్కలు ఇంకా అలవాటుపడలేదు. వాడగా వాడగా అదే సర్దుకుంటుంది.

సెప్టెంబరు 2

సర్దుకుంటుంది.

సెప్టెంబరు 9, మంగళవారం

మీటింగు. స్టాఫన్ పుట్టినరోజు కూడా ఇవాళే కాబట్టి బల్ల మీద పచ్చ కేకు ఉంది. కేకు కోసేటప్పుడు గొడవ చేయడం బాగోదని నేను ఆఖరి ముక్క దాకా ఆగాను. తర్వాత మొదటి నొక్కుల అంకెలు తెరమీద వేశాను. రెండు వారాలుగా ప్రతి శుక్రవారం కీప్యాడ్‌లని ఖాళీగా పెట్టి, సోమవారం మొదటి నొక్కు ఒక్కటే కొలిచాను. అరిగినవాటిలో సగానికి సగం పలకలేదు. ఇవే బటన్లు వచ్చే ఏడాది ఎన్నో కమ్యూన్లకి వెళ్ళబోతున్నాయి, ఎన్నో కుర్చీల చేతులకి, ఎన్నో మంచాలకి.

ఇక్కడి అలవాటు ప్రకారం అందరూ గాలి లోపలికి పీల్చుతూ అవునన్నారు. అది ఒప్పుకోవడం కాదు, ఊపిరి తీసుకోవడం మాత్రమే.

“గునిల్లా చెప్పిన విషయం చాలా ముఖ్యమైనది,” అన్నాడు స్టాఫన్, నా పేరు పూర్తిగా పలుకుతూ. “అందుకే తొందరపడకూడదు. ఒక చిన్న బృందం వేద్దాం. మిగతాదంతా ఇప్పటికి యథాప్రకారం అనుకుందామా? అందరికీ సరేనా?”

“నాకు సరే కాదు,” అన్నాను.

ఫోర్కులు ఆగిపోయాయి. ఈ గదిలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదనుకుంటాను. బట్టలు విప్పేసి నిలబడ్డా ఇంతకంటే మర్యాదగా తల తిప్పుకునేవారు. సరే కాదంటే ఏ విధంగా సరే కాదు అని స్టాఫన్ మెత్తగా అడిగాడు. ఏ విధంగానూ కాదన్నాను. మొదటి నొక్కుని లెక్కలోకి తీసుకునేదాకా నా గదిలోంచి ఏ బటనూ పాసవదని కూడా అన్నాను. నా గొంతు కాస్త లేచింది. ఎవరో ఇంకో ముక్క కేకు నా పళ్ళెంలో వేశారు. ఇక్కడ కోపానికి వైద్యం అదే.

మీటింగు అయ్యాక స్టాఫన్ నడవలో నా వెనకే వచ్చాడు. నువ్వెప్పుడూ ఇలా ఉండవు, ఏమైందన్నాడు. మా అక్క కుర్చీకి ఉన్నదీ ఇదే బటన్ అన్నాను. అతను తన బూట్లు చూసుకుని, నమూనాల గదిలో బంగారం పూత వేసిన చుక్కలున్నాయి, మీ అక్క కోసం ఒకటి నువ్వే చేసుకో, పని గంటల్లోనే చేసుకో అన్నాడు. పడవ గురించి ఇక ముందు కాస్త ఓపిగ్గా వినాలి.

సెప్టెంబరు 14, ఆదివారం

హెడ్విగ్‌కి బంగారం గురించి చెప్పాను. బంగారం నల్లబడదు, ఎన్నాళ్ళు ఖాళీగా ఉన్నా మొదటి నొక్కుకే పలుకుతుంది. మొన్న ఫిజియో వచ్చి చేతుల్ని కొలిచి వెళ్ళిందని ఆవిడ ఏదో మొదలుపెట్టింది. బంగారం పూత ఎంత మందం ఉండాలో ఇంకా చెప్పడం అవ్వలేదు కాబట్టి నేనే మాట్లాడాను. తర్వాత కిటికీలోంచి ఆర్గన్ వినపడింది. ఆవిడ మామూలుగా తప్పులు పడుతుంది, ఇవాళ పట్టలేదు. ఆ మనిషి మెరుగుపడ్డాడేమో.

ఫిజియోలు ఎప్పుడూ తక్కువే రాస్తారు. వాళ్ళ పరికరాలని ఎవరు సరిచూస్తారో నాకు తెలియదు.

సెప్టెంబరు 30, మంగళవారం

బటన్ పూర్తయింది. చుక్కలకి బంగారం, కింద మా దగ్గరున్న వాటిలోకెల్లా మెత్తటి స్ప్రింగు. పిచ్చుక కూర్చుంటే పలుకుతుంది. పిచ్చుకని తేలేదు గానీ మా వాళ్ళందరి చేతా చిటికెన వేళ్ళతో నొక్కించాను. వారమంతా ఖాళీగా పెట్టి చూశాను, మొదటి నొక్కుకే పలికింది. నా ఉద్యోగంలో ఇంత మంచి వస్తువు చేయలేదు. అన్నెలీ వచ్చేరోజు స్వయంగా బిగిస్తాను. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి, తప్పు ఎవరిదో ఓముల్లో చూపిస్తాను.

ముందే బిగించి హెడ్విగ్ చేత నొక్కించి చూడొచ్చు. తీరిక లేదు.

అక్టోబరు 14, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అన్నెలీ చెప్పిన వేళకే వచ్చింది. బూట్లు గుమ్మంలో విప్పి మేజోళ్ళతో లోపలికి వచ్చింది. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగు ఉంది. దాన్ని చూసి నాకు ధైర్యం వచ్చింది, కారణం తెలియదు. కాఫీ బల్ల మీద మీటరు పెట్టి, తీగలు కుర్చీ చేతికి బిగించిన బంగారం బటన్‌కి కలిపి, నేను మొదలుపెట్టాను. వెండి, కార్బన్, నలుపు, జులై, అన్నీ చెప్పాను. గీతలు గీసిన కాగితాలు చూపించాను. పాత బటన్ నొక్కి, మొదటిసారి పలకకపోవడం కూడా చూపించాను. కాబట్టి ఈవిడ పిలవలేదని మీ దగ్గరున్న లెక్కంతా చెత్త అన్నాను. కాస్త మంచి మాటలతోనే అన్నాను. అన్నెలీ శ్రద్ధగా విని, చాలా ఆసక్తికరంగా ఉందంది. ఈ దేశంలో ఆ మాట అన్నారంటే ఇంక ఆపమని అర్థం. నేను ఆపలేదు.

ఆఖరికి, మీరొకసారి నొక్కి చూపిస్తారా అని హెడ్విగ్‌ని అడిగింది.

హెడ్విగ్ నా వైపు చూసింది. తర్వాత చెయ్యి ఎత్తింది. ఎత్తడానికి కొంతసేపు పట్టింది. చూపుడువేలు బటన్ మీదకి తెచ్చి, నేను చెప్పిన చోటే, సరిగ్గా నడిమధ్య ఆనించింది. మణికట్టు వణికింది. నేను మీటరునే చూస్తున్నాను. ముల్లు కదల్లేదు. చుక్కకి చుక్క తగల్లేదు. నిరోధం ఎక్కువవడం కాదు, తక్కువవడం కాదు, అసలు తగల్లేదు.

“ఇంకోసారి,” అన్నాను.

ఇంకోసారీ అంతే.

“కొంచెం పైకి జరిపి…”

“చాలు, నిల్లా,” అంది హెడ్విగ్. “నీ బటన్‌కి ఏ లోపమూ లేదు. లోపం ఇటువైపు ఉంది.”

అన్నెలీ ముందుకి వంగి చిటికెన వేలితో తాకింది. దీపం వెలిగింది. కింద నుంచి సహాయకురాలు వచ్చింది. ఏమీ లేదని అన్నెలీయే చెప్పి పంపింది. కొత్త స్ప్రింగుకి బిగువు ఉంటుంది, రెండు వారాలు వాడితే సర్దుకుంటుంది అని నేను అన్నాను. ఆ స్ప్రింగు ఎంత మెత్తటిదో ఆ గదిలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇద్దరూ నా మాట విననట్టు ఊరుకున్నారు. అంత దయ నాకు అక్కర్లేదు.

పిలవకపోవడం వేరు, పిలవలేకపోవడం వేరు అంది అన్నెలీ, బూట్లు తొడుక్కుంటూ. ఇది తీసేయాల్సిన కేసు కాదు, మనిషి రోజంతా పక్కనే ఉండాల్సిన కేసు, ఫిజియో కొలతలు చూసి మళ్ళీ మొదటినుంచీ రాయాలి అంది. ఆ మనుషుల్ని ఇంటికే ఇస్తారో, లేక ఈవిడనే సంరక్షణ గృహానికి పంపుతారో తన చేతిలో లేదట. వెన్న గొంతే, కానీ నిజం చెప్పింది.

మీటరు సర్దుకుని ఇంటికి వచ్చేశాను.

అక్టోబరు 15

ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి చెప్పాను.

అక్టోబరు 16

ఇవాళ కూడా.

అక్టోబరు 19, ఆదివారం

వెళ్ళాను. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను. ఈస్టర్ ముందు నుంచి అంది. అప్పటికి ఒక్కోసారి నొక్కగలిగేదట, ఆ ఒక్కోసారీ మా బటన్ మొదటి నొక్కు మింగేసేదట. జులైకి వచ్చేసరికి ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో తనకే తెలియలేదట.

“మరి బటన్‌కి బద్ధకం అని ఎందుకు చెప్పావు నాకు?”

“నా వేలు పోయిందని చెప్పడానికే ఫోన్ చేశానే. నోట్లోంచి బటన్ అని వచ్చింది. తర్వాత నువ్వు దాన్ని విప్పి, అది నిజంగానే చెడిపోయిందని చిన్నపిల్లలా సంబరపడ్డావు. నాకూ సంబరపడాలనిపించింది. నమ్మడానికి చూశాను, నీ మీద ఒట్టు. రోజూ నొక్కి చూసుకునేదాన్ని.”

ఆవిడ నొక్కి చూసుకుంటూ ఉంటే నేను బంగారం పూత మందం గురించి ఉపన్యాసం ఇస్తూ ఉన్నాను. సిగ్గేసింది. చెప్పాను కూడా, సిగ్గుగా ఉందని. సిగ్గుపడితే పడ్డావు గానీ ఆ కిటికీ కాస్త తియ్యి, వాడు మొదలుపెట్టాడు అంది. ఇద్దరం విన్నాం. ఎక్కడెక్కడ తప్పాడో చెప్పింది, నాకు ఒక్కటీ తెలియలేదు. ఎడమ చేతి వేళ్ళు ఒళ్ళోనే, కదలకుండా ఉన్నాయి. మొదటిసారి వాటిని సరిగ్గా చూశాను. చాలా సన్నబడ్డాయి.

అక్టోబరు 24, శుక్రవారం

చిన్న బృందం తేల్చింది. ఇకనుంచి మొదటి నొక్కు కూడా లెక్కే, అరిగిన కీప్యాడ్‌లని ఖాళీగా ఉంచి మరీ కొలుస్తారు, చుక్కల మీద పూత మందం పెంచుతారు. కొత్త నియమం ఎవరు పెట్టారని రేపు ఎవరైనా అడిగితే అందరం కలిసి అనుకున్నాం అంటారు. అననివ్వండి. ఒక్క నొక్కు నొక్కగలిగే ఓపికున్న మనుషులు ఎక్కడో కుర్చీల్లో ఉన్నారు, వాళ్ళకి ఆ ఒక్కటీ పలుకుతుంది. నేను సంతోషించాలి. పని గంటల్లో సంతోషించాను.

హెడ్విగ్ విషయం ఏమీ తెలియలేదు. సంరక్షణ గృహంలో ఒక గది ఖాళీ అయిందని మాత్రం తెలిసింది. అన్నెలీకి రెండుసార్లు ఫోన్ చేశాను, మీటింగులో ఉందన్నారు.

నవంబరు 2

కబురు లేదు. వాన.

నవంబరు 6, గురువారం

మధ్యాహ్నం హెడ్విగ్ దగ్గర ఉండగా నా ఫోన్‌కే అన్నెలీ చేసింది. వాళ్ళు ఇచ్చారు. మెలకువగా ఉన్నంతసేపూ పక్కన మనిషి, ఇంట్లోనే, ఈ ఫ్లాట్‌లోనే, వచ్చే నెల నుంచే. కారణం కూడా చదివి వినిపించింది. రెండు చేతుల్లోనూ ఏ బటన్‌నీ నొక్కేంత బలం లేదు, తిరిగి వచ్చే అవకాశం లేదు. అందువల్ల మంజూరు. అభినందనలు అంది. ఆవిడ తప్పేం లేదు, అలా అనడం అలవాటు. నేను థాంక్స్ చెప్పాను, అది నా అలవాటు.

ఇంత ఘోరంగా ఎప్పుడూ గెలవలేదు.

“ఏమంది?” అంది హెడ్విగ్.

ఇక్కడే ఉంటున్నావు, మంజూరైంది, అన్నాను.

“ఎందుకు ఇచ్చారట?”

కిటికీ వైపు చూశాను. ఆర్గన్ లేదు, గురువారాలు వాడు రాడు. బటన్ గురించి ఏదైనా చెప్పొచ్చు, బోలెడు ఉంది చెప్పడానికి. ఆవిడ ఎదురు చూస్తోంది. ఆ అసలు మాటని ఈ మూడు నెలల్లో నేను నా నోటితో ఎవరికీ చెప్పలేదు, ఈ డైరీలో కూడా రాసుకోలేదు.

“నీ చేతుల్లో బలం లేదు, అక్కా. ఇక రాదు. అందుకని ఇచ్చారు.”

“ఊఁ,” అంది. మొహం నాకు కనపడేలా తిప్పుకుంది. “ఇంకోసారి చెప్పు. నువ్వు చెప్పగా వినాలి.”

మళ్ళీ చెప్పాను. ఈసారి గొంతు వణకలేదని ఇక్కడ రాసుకుందామనుకున్నాను. వణికింది.